బీథోవెన్ ఐదో సింఫనీ, నాలుగో పియానో కన్చెర్టో: ఒకే లయకు రెండు భావాలు ఎలా వచ్చాయి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: బీథోవెన్ ఐదో సింఫనీ (ఆర్కెస్ట్రా మొత్తానికీ రాసిన పెద్ద రచన) మొదట్లో వచ్చే "మూడు పొట్టి, ఒకటి పొడుగు" లయే నాలుగో పియానో కన్చెర్టో (ఒక పియానో, ఆర్కెస్ట్రా కలిసి వాయించే రచన) మొదట్లోనూ ఉందని ఎక్కడో చదివారు. రెండూ విన్నారు. ఒకటి మీద పడి కొట్టినట్టుంది, ఇంకొకటి పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడినట్టుంది. ఒకే మనిషి, ఒకే కాలంలో, ఒకే లయతో ఇంత తేడా ఎలా తెచ్చాడు? ఇది ఉత్త మైనర్, మేజర్ (ఒకటి విషాదంగా, ఒకటి ఉల్లాసంగా వినిపించే స్వరవరుసలు) తేడాయేనా? కీబోర్డు మీద ఈ తేడాను ఎలా పట్టుకోవాలి?

ముందు సూటిగా జవాబు. మైనర్, మేజర్ తేడా ఇందులో చిన్న భాగం మాత్రమే. అసలు పని చేసినవి నాలుగు: లయ తాళంలో ఎక్కడ మొదలైంది, స్వరం కింద కార్డు (ఒకేసారి మోగే మూడు నాలుగు స్వరాల గుంపు) ఉందా లేదా, ఆ పొట్టి స్వరాలు ఎంత వేగంగా కదిలాయి, మొదటి మాట ఎవరు మాట్లాడారు. ఈ నాలుగింటినీ అటూ ఇటూ మారిస్తే సింఫనీ స్వరాలే మెత్తబడిపోతాయి. దీన్ని మీ కీబోర్డు మీద పది నిమిషాల్లో మీరే తేల్చుకోవచ్చు. ఎలాగో కింద రాశాను.

మీరు చదివిన విషయం నిజమే. 1804 ప్రాంతంలో మూడో సింఫనీ పని జరుగుతున్నప్పుడు వాడిన నోటుపుస్తకంలోనే ఈ రెండు రచనల తొలి చిత్తుప్రతులూ ఉన్నాయి. కన్చెర్టో 1806 నాటికి పూర్తయింది, సింఫనీకి 1808 దాకా పట్టింది. రెండూ ప్రజల ముందుకు వచ్చింది కూడా ఒకే సాయంత్రం: 1808 డిసెంబర్ 22, వియన్నాలోని థియేటర్ అన్ డెర్ వీన్. చలి పట్టిన హాలు, సరిపోని రిహార్సళ్లు, నాలుగు గంటల కార్యక్రమం. విరామానికి ముందు కన్చెర్టో, విరామం కాగానే ఐదో సింఫనీ. కన్చెర్టోలో పియానో వాయించింది బీథోవెనే. వినికిడి పోతూ ఉండడంతో ఆ తర్వాత ఆయన కన్చెర్టో సోలోయిస్టుగా మళ్లీ వేదిక ఎక్కలేదు.

ఈ తేదీల వల్ల ఒక అపోహ అక్కడే తొలగిపోతుంది. "చెవుడు వచ్చిన బాధలో సింఫనీ రాశాడు, అందుకే అంత ఉగ్రంగా ఉంది" అని చాలామంది అంటారు. చెవుడు రెండు రచనల కాలంలోనూ ఉంది. తన చెవుడు గురించి తమ్ముళ్లను ఉద్దేశించి హైలిగెన్‌స్టాట్‌లో ఆయన రాసుకున్న ఉత్తరం 1802 అక్టోబర్ నాటిది. అదే బాధలోంచి కన్చెర్టో అంత నెమ్మదిగా ఎలా వచ్చిందో ఆ వాదం చెప్పలేదు. జీవితచరిత్ర పక్కన పెట్టి స్వరాల్లోకి వెళ్లడం మేలు.

సింఫనీ మొదటి ఐదు బార్లు

పాశ్చాత్య సి స్వరాన్ని షడ్జమం అనుకోండి. అప్పుడు ఈ స్వరాలు మన లెక్కలో ఇలా ఉంటాయి: ప ప ప గా..., మ మ మ రీ... ఇందులో గాంధారం సాధారణ గాంధారం, రిషభం చతుశ్రుతి. పాశ్చాత్య పేర్లలో జి జి జి ఈ-ఫ్లాట్, ఎఫ్ ఎఫ్ ఎఫ్ డి.

ఇక్కడ అందరూ జారిపోయేది ఒక చిన్న చోట. బార్ (మన ఆవర్తనం లాంటి కొలత) 2/4, అంటే ఒక్కో బార్‌లో రెండు క్వార్టర్ నోట్లు, లేదా నాలుగు ఎయిత్ నోట్లు. మొదటి ఎయిత్ నోట్ స్థానంలో శబ్దం లేదు, విరామం ఉంది. ఆ విరామం తర్వాతే మూడు పొట్టి స్వరాలు మొదలవుతాయి. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు ఇది అనాగత ఎత్తుగడ: తాళం దెబ్బ పడ్డాక, కొంచెం వదిలి, పాట అందుకోవడం. తేడా ఏమిటంటే మన కచేరీలో ఆ దెబ్బ కనిపిస్తుంది, గాయకుడి చెయ్యి తొడ మీద పడుతుంది. సింఫనీలో ఆ మొదటి దెబ్బ కండక్టర్ (ఆర్కెస్ట్రాను నడిపే వ్యక్తి) చేతిలో మాత్రమే ఉంది, శ్రోత చెవికి లేదు. అందుకే ఆ మూడు స్వరాలు ఎక్కడి నుంచో వచ్చి మీద పడ్డట్టు అనిపిస్తాయి. కాలు మోపడానికి నేల చూపించకుండానే నెట్టేస్తాడు.

రెండోది, కింద కార్డు లేదు. వయొలిన్లు, వయోలాలు, చెల్లోలు, డబుల్ బాస్‌లు, వాటితో పాటు రెండు క్లారినెట్లు, అందరూ ఒకే స్వరాన్ని వేర్వేరు స్థాయిల్లో ఫోర్టిస్సిమోలో, అంటే చాలా గట్టిగా, వాయిస్తారు. తోడు లేని ఒంటరి స్వరం అది. పైగా మొదటి నాలుగు స్వరాలు విన్నప్పుడు ఇది ఏ శ్రుతిలో ఉందో కచ్చితంగా చెప్పలేం. జి, ఈ-ఫ్లాట్ రెండూ సి మైనర్ కార్డులోనూ ఉంటాయి, ఈ-ఫ్లాట్ మేజర్ కార్డులోనూ ఉంటాయి. షడ్జమం ఏదో తేల్చకుండా మొదలుపెట్టడం వల్ల వచ్చే అస్థిమితం అది. ఆరు, ఏడు బార్లు దాటి సి స్వరం గట్టిగా కూర్చున్నాకే "ఓహో, మైనర్" అని చెవి ఒప్పుకుంటుంది. కాబట్టి మొదటి దెబ్బలో ఉన్న భయం మైనర్ వల్ల వచ్చింది కాదు. అప్పటికింకా మైనర్ రానే లేదు.

మూడోది ఫెర్మాటా, అంటే స్వరాన్ని లెక్క దాటి నిలిపి ఉంచే గుర్తు. రెండు పొడుగు స్వరాల మీదా ఉంది. కానీ రెండూ సమానం కావు. మొదటిది ఒక బార్ స్వరం మీద, రెండోది రెండు బార్లు కలిపిన స్వరం మీద. రెండోసారి నిలుపు ఎక్కువసేపు ఉండాలని రాతలోనే ఉంది. కీబోర్డు నేర్చుకునేవాళ్లు రెండింటినీ ఒకేలా పట్టి వదిలేస్తారు, దాంతో ఆ ఎదురుచూపు పెరగాల్సిన చోట పెరగదు.

కన్చెర్టో మొదటి ఐదు బార్లు

ఆ రోజుల్లో కన్చెర్టో అంటే ముందు ఆర్కెస్ట్రా అంతా వాయించి వేదిక సిద్ధం చేయాలి, సోలోయిస్టు ఆ తర్వాత రావాలి. ఇక్కడ పియానో ఒంటరిగా మొదలుపెడుతుంది, మెల్లగా. సంగీతం రాసిన ప్రతిలో ఉన్న సూచన పియానో, డోల్చె. అంటే మెల్లగా, తియ్యగా.

మొదటి శబ్దమే తాళం మీద పడుతుంది. నిండైన జి మేజర్ కార్డు, చేతులు రెండూ దగ్గరదగ్గరగా, పైన బి స్వరం. జిని షడ్జమం అనుకుంటే ఆ బి అంతర గాంధారం. ముందు ఆ కార్డు నిలుస్తుంది, నేల పరుస్తుంది, ఆ తర్వాతే పొట్టి స్వరాలు మూడేసి వచ్చి తర్వాతి బలమైన మాత్ర మీద వాలతాయి. సింఫనీలో లేని నేల ఇక్కడ ముందే ఉంది. అదే "మూడు పొట్టి, ఒకటి పొడుగు", కానీ ఇక్కడ అది అడుగులు వేస్తోంది, తలుపు బాదడం లేదు.

ఐదో బార్‌లో పియానో ప్రశ్న అడిగినట్టు డి కార్డు మీద ఆగుతుంది. అంటే పంచమం మీద నిలిచిపోవడం. ఆ తర్వాత వచ్చేది ఈ రచన మొత్తంలో నాకు అత్యంత ఇష్టమైన క్షణం: తంత్రీ వాద్యాలు పియానిస్సిమోలో (చాలా మెల్లగా) జవాబిస్తాయి, కానీ జి మేజర్‌లో కాదు, బి మేజర్‌లో. చాలా దూరపు శ్రుతి అది. అయినా చెవికి ఎదురుదెబ్బలా ఉండదు. కారణం, పియానో పైన పాడిన ఆ బి స్వరాన్నే తంత్రులు పట్టుకున్నాయి. ఇంతసేపూ గాంధారంగా ఉన్న స్వరం ఇప్పుడు షడ్జమం అయింది. గ్రహభేదం తెలిసినవాళ్లకు ఈ మలుపు వెంటనే అందుతుంది. గదిలో ఉన్న వస్తువులేవీ కదల్లేదు, కిటికీ ఒక్కటి తెరిచారు.

ఆ తర్వాత పియానో దాదాపు 70 బార్లు మౌనంగా ఉంటుంది. మొదట మాట్లాడినవాడే ఇంతసేపు వింటూ కూర్చోవడం కూడా ఈ కన్చెర్టో స్వభావంలో భాగమే.

ఇంకొకటి, ఈ మొదటి భాగంలో ట్రంపెట్లు, టింపనీ డ్రమ్ములు అసలు లేవు. మూడో భాగం దాకా అవి నోరెత్తవు. సింఫనీ మొదటి భాగంలో అవి రెండూ ఉన్నాయి.

వేగం సంగతి

సింఫనీ మొదటి భాగానికి బీథోవెనే 1817లో మెట్రోనోమ్ (వేగాన్ని దెబ్బలతో చూపే పరికరం) లెక్క ఇచ్చాడు: హాఫ్ నోట్ నిమిషానికి 108. అంటే నిమిషానికి 108 బార్లు. ఎయిత్ నోట్లు నిమిషానికి 432, ఒక్కొక్కటి సెకనులో ఏడో వంతు. ఈ భాగంలో 502 బార్లు, తిరిగి వాయించాల్సిన 124 బార్లు కలిపితే 626. లెక్క ప్రకారం ఆరు నిమిషాల లోపు, ఫెర్మాటాలతో ఇంకాస్త. చాలా రికార్డింగులు ఏడు నిమిషాలు దాటతాయి. అంటే చాలామంది ఆయన అడిగినంత వేగంగా వాయించడం లేదు.

కన్చెర్టో మొదటి భాగానికి సూచన అలెగ్రో మోడెరాటో. క్వార్టర్ నోట్ నిమిషానికి 108 దగ్గర పెట్టుకుంటే ఎయిత్ నోట్లు 216. సరిగ్గా సగం వేగం. సెకనులో ఏడో వంతు ఉండే స్వరాలు మూడూ ఒక గుంపుగా, దాదాపు ఒకే దెబ్బలా తగులుతాయి. పావు సెకను దాటి ఉండే స్వరాన్ని విడివిడిగా వింటుంది, దాన్ని పలుకుగా తీసుకుంటుంది. లయ ఒకటే అయినా ఒకటి దెబ్బ, ఒకటి మాట అనిపించడానికి ఇది పెద్ద కారణం. మనకు కొత్తదేమీ కాదు: ఒకే రాగాన్ని మధ్యమకాలంలో పాడినప్పుడూ విలంబంలో పాడినప్పుడూ భావం ఎంత మారుతుందో తెలిసిందే.

కీబోర్డు మీద చేసి చూడండి

సింఫనీ స్వరాలే తీసుకోండి: జి జి జి ఈ-ఫ్లాట్, ఎఫ్ ఎఫ్ ఎఫ్ డి. మెట్రోనోమ్ క్వార్టర్ నోట్‌కు 100 పెట్టండి. ఎడమచేత్తో ముందుగా ఈ-ఫ్లాట్ మేజర్ కార్డు (ఈ-ఫ్లాట్, జి, బి-ఫ్లాట్) మెల్లగా వేసి పట్టుకోండి. ఒక క్వార్టర్ నోట్ ఆగి, కుడిచేత్తో ఆ మూడు జీలు, తర్వాత ఈ-ఫ్లాట్, అన్నీ మెల్లగా. ఇప్పుడు ఎడమచేతిని బి-ఫ్లాట్ మేజర్ కార్డుకు (బి-ఫ్లాట్, డి, ఎఫ్) మార్చి, అలాగే ఆగి, ఎఫ్ ఎఫ్ ఎఫ్ డి. ఒక్క స్వరం కూడా మార్చలేదు. కోపం పోయింది, ఏదో సాయంకాలపు పాట మొదలైనట్టు ఉంటుంది.

ఇప్పుడు తిరగేయండి. కన్చెర్టోలోని బి స్వరాన్ని కార్డు లేకుండా, రెండు చేతులతో మూడు స్థాయిల్లో, గట్టిగా, మెట్రోనోమ్ దెబ్బ పడ్డాక అర క్షణం ఆగి, రెట్టింపు వేగంతో మూడు పొట్టి, ఒకటి పొడుగుగా కొట్టండి. జి మేజర్‌లోని స్వరమే అయినా తియ్యదనం ఏమీ మిగలదు.

ఈ రెండూ చేశాక మీ ప్రశ్నలోని "మైనర్ మేజర్ తేడాయేనా" అన్నదానికి మీ వేళ్లే జవాబు చెప్తాయి.

వాయించేటప్పుడు ఎక్కడ తప్పుతుంది

సింఫనీని పియానోకు సరిచేసిన ప్రతుల్లో మొదటి స్వరం మీద బలం వేయడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. "డ-డ-డ డాం" అని వేస్తే ట్రిప్లెట్ (ఒకే మాత్రలో మూడు సమాన స్వరాలు) అయిపోతుంది, నాలుగో స్వరం చప్పబడుతుంది. బలం వాలాల్సింది నాలుగో స్వరం మీద. సాధన ఇలా చేయండి: మెట్రోనోమ్ దెబ్బకు నోటితో "తా" అనండి, ఆ తర్వాత మూడు స్వరాలు, మళ్లీ దెబ్బ మీద నాలుగోది. వారం పాటు "తా" పైకి అని, తర్వాత లోపల అనుకోండి. ఆ ఖాళీ లోపల కదలకపోతే బయట అది ఎప్పటికీ సరిగ్గా రాదు. పెద్ద ఆర్కెస్ట్రాలకు కూడా ఈ చోటు గండమే. కండక్టర్ ఇచ్చే ఖాళీ దెబ్బ స్పష్టంగా లేకపోతే మొదటి స్వరం చెదిరిపోతుంది.

కన్చెర్టో మొదటి కార్డు చూడ్డానికి సులువు, వాయించడానికి చాలా కష్టం. వేళ్లన్నీ ఒకే బరువుతో పడితే బి వినిపించదు, ముద్దగా ఉంటుంది. ముందు బి ఒక్కటే చిటికెన వేలితో, అడుగు దాకా నెమ్మదిగా దింపి, పాడినట్టు వాయించండి. తర్వాత మిగతా వేళ్లు చేర్చండి, కానీ బి తప్ప మిగతావి సగం బలంతో. ఎడమచేయి ఇంకా తక్కువ. కార్డును గిటారులా పరచి, ఒక స్వరం తర్వాత ఒకటిగా వేయకండి, అలా వేయమని ప్రతిలో లేదు. ఆ తర్వాత వచ్చే తిరుగు కార్డులకు చేతిని పైకి ఎత్తకూడదు. గ్రాండ్ పియానోలో కీ పూర్తిగా పైకి రాకముందే మళ్లీ పలుకుతుంది, కాబట్టి వేళ్లు కీలను అంటుకునే ఉండాలి. నిటారు పియానోలో, మామూలు కీబోర్డుల్లో కీ ఇంకా ఎక్కువ పైకి రావాల్సి ఉంటుంది, అందుకే అక్కడ తిరుగు స్వరాలు తరచు మూగబోతాయి. అది మీ తప్పనుకుని గట్టిగా కొట్టడం మొదలుపెట్టొద్దు. కీని ఎంతవరకు వదిలితే మళ్లీ పలుకుతుందో ముందు ఒక్క వేలితో వెతికి పట్టుకోండి.

పెడల్ పూర్తిగా తొక్కి ఉంచితే పొట్టి స్వరాల మధ్య గాలి పోతుంది. అసలు తొక్కకపోతే పొడిబారుతుంది. మొదటి కార్డుకు కొంచెం, తిరుగు కార్డులకు పైపైన మార్చుకుంటూ.

ఇంకో జబ్బు: మెల్లగా అంటే నిదానంగా అనుకోవడం. అలెగ్రో మోడెరాటో అనేది కదిలే వేగమే. ఈ ఐదు బార్లను ధ్యానంలా సాగదీసి, ఆర్కెస్ట్రా రాగానే వేగం పెంచేవాళ్లున్నారు. అప్పుడు ప్రశ్న ఒకరిది, జవాబు వేరే ఎవరిదో అయిపోతుంది.

రెండో భాగాలు: పేరు ఒకటే, పని తలకిందులు

రెండు రచనల్లోనూ రెండో భాగానికి సూచన ఒకటే: అందాంతె కోన్ మోతో, కదలిక ఉన్న నడక. ఇది చాలామంది గమనించరు. సింఫనీలో ఈ భాగం ఓదార్పు. ఏ-ఫ్లాట్ మేజర్, 3/8, వయోలాలు, చెల్లోలు కలిసి తియ్యగా పాడతాయి, కింద డబుల్ బాస్‌లు తంత్రులు మీటుతాయి. ఉగ్రమైన మొదటి భాగం తర్వాత ఊపిరి తీసుకునే చోటు.

కన్చెర్టోలో దీనికి విరుద్ధం. మొదటి భాగం ప్రశాంతంగా గడిచింది కాబట్టి చీకటి ఇక్కడికి వస్తుంది. శ్రుతి ఈ (E) మైనర్, 72 బార్లు మాత్రమే, ఆర్కెస్ట్రాలో తంత్రులు తప్ప ఇంకెవరూ లేరు. ఆ తంత్రులు కూడా కార్డు లేకుండా, అందరూ ఒకే స్వరాన్ని, గట్టిగా, తుంచి తుంచి వాయిస్తాయి. సింఫనీ మొదటి బార్లను గుర్తు చేసుకోండి: అదే పద్ధతి! దానికి ఎదురుగా పియానో నిండు కార్డులతో, మెల్లగా, పాడుతున్నట్టు జవాబిస్తుంది. అంటే మీరు రెండు వేర్వేరు రచనల్లో విన్న ఆ రెండు స్వభావాలనూ బీథోవెన్ ఈ 72 బార్లలో ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. మీ ప్రశ్నకు ఇంతకంటే దగ్గరి జవాబు ఆయన సంగీతంలో ఇంకెక్కడా లేదు. తంత్రుల పలుకులు క్రమంగా పొట్టివవుతాయి, మెత్తబడతాయి, చివరికి పియానిస్సిమోకు వచ్చేస్తాయి. పియానో ఒక్కసారి కూడా వాళ్ల గొంతులో మాట్లాడదు.

ఇక్కడ పియానోకు ఉనా కోర్డా సూచన ఉంది, అంటే ఎడమ పెడల్ తొక్కి ఉంచాలి. చివర్లో ట్రిల్ (రెండు పక్క స్వరాలను వేగంగా మార్చి మార్చి వాయించడం) ఉన్న చోట మాత్రమే వదిలి, మళ్లీ తొక్కాలి. బీథోవెన్ కాలపు పియానోల్లో ఆ పెడల్ సుత్తిని నిజంగానే మూడు తీగల నుంచి ఒక్క తీగ మీదికి జరిపేది. ఇప్పటి గ్రాండ్ పియానోలో మూడు నుంచి రెండుకే జరుగుతుంది. నిటారు పియానోలో సుత్తులు తీగలకు దగ్గరవుతాయి తప్ప పక్కకు జరగవు, కాబట్టి శబ్దం తగ్గుతుంది గానీ దాని రంగు మారదు. డిజిటల్ పియానోల్లో చాలావాటికి అది కేవలం వాల్యూమ్ తగ్గింపు. మీ దగ్గరున్నది అలాంటిదైతే పెడల్ మీద ఆధారపడకుండా వేలి బరువుతోనే ఆ దూరపు శబ్దం తేవాలి.

ఈ భాగాన్ని ఓర్ఫియస్ పాతాళంలో దేవతలను పాటతో కరిగించిన కథతో పోలుస్తారు. వినడానికి బాగా కుదురుతుంది. కానీ అది తర్వాతివాళ్లు చేర్చిన పోలిక, ప్రతిలో లేదు. సింఫనీకి అంటించిన "విధి తలుపు తట్టింది" అన్న మాట కూడా అంతే. అది బీథోవెన్ సహాయకుడు షిండ్లర్ ఆయన చనిపోయాక చెప్పింది. షిండ్లర్ చాలా విషయాలు కల్పించాడని పరిశోధకులు తేల్చారు. బీథోవెన్ శిష్యుడు చెర్నీ అయితే అదే లయ ఒక పిట్ట కూత నుంచి వచ్చిందన్నాడు. ఒకే నాలుగు స్వరాలకు విధి, పిట్ట అని రెండు వ్యాఖ్యానాలు నిలిచాయంటే, భావం లయలో బిగించి లేదనడానికి అదొక ఆనవాలు.

చీకటి నుంచి వెలుగుకు రెండు దారులు

రెండు రచనల్లోనూ చివరి భాగం ఆగకుండా, ముందు భాగంలోంచే పుట్టుకొస్తుంది. రెండుచోట్లా ఆ పుట్టుక సి మేజర్‌లోనే. దారులు మాత్రం వేరు.

సింఫనీలో మూడో భాగం చివర సుమారు 50 బార్లు శబ్దం అడుగంటుతుంది. తంత్రులు స్వరాన్ని పట్టుకుని ఉంటాయి, టింపనీ పియానిస్సిమోలో సి స్వరాన్ని తడుతూ ఉంటుంది, మొదటి వయొలిన్లు చీకట్లో మెట్లు వెతుక్కుంటున్నట్టు పైకి పాకుతాయి. పెరుగుదల అంతా చివరి కొద్ది బార్లలోనే. ఆ తర్వాత ఫోర్టిస్సిమో సి మేజర్. మూడు ట్రంబోన్లు, పికోలో, కాంట్రాబసూన్ అప్పుడే మొదటిసారి నోరు తెరుస్తాయి. మూడు భాగాల పాటు వాళ్లు వేదిక మీద ఊరికే కూర్చున్నది దీనికోసమే.

కన్చెర్టోలో రెండో భాగం ఈ మైనర్‌లో సన్నగా ఆగిపోగానే, తంత్రులు పియానిస్సిమోలోనే సి మేజర్ అందుకుంటాయి. ఈ మైనర్ కార్డులోని ఈ, జి స్వరాలు సి మేజర్ కార్డులోనూ ఉన్నాయి, కాబట్టి ఒక్క స్వరం జరిగితే చాలు, చీకటి వెలుగవుతుంది. పైగా ఈ చివరి భాగం అసలు శ్రుతి జి మేజర్. సి మేజర్‌లో మొదలుపెట్టి, పక్కదారిలో కాసేపు నడిచి, ఇంటికి చేరతాడు. సింఫనీలో వెలుగు గెలిచి వస్తుంది. ఇక్కడ చెప్పకుండా వస్తుంది.

ఒక జాగ్రత్త

సింఫనీ అంటే కోపం, కన్చెర్టో అంటే శాంతం అని పెట్టెల్లో పెట్టేయకండి. రాగంలో ఒక భావం మొదటి నుంచి చివరిదాకా చాలావరకు నిలుస్తుంది కాబట్టి, మనకు "దీని రసం ఏమిటి" అని అడిగే అలవాటు ఉంది. ఈ పద్ధతి సంగీతంలో భావం ప్రయాణిస్తుంది. సింఫనీ మొదటి భాగంలోనే 59వ బార్‌లో హార్న్‌లు పిలిచాక వయొలిన్లు ఎంతో మెత్తని పాట ఎత్తుకుంటాయి. దాని కింద చెల్లోలు, బాస్‌లలో అదే నాలుగు స్వరాల లయ నక్కి ఉంటుంది, వినండి. ఆ హార్న్ పిలుపు తిరిగి వచ్చేటప్పుడు బీథోవెన్ దాన్ని బసూన్లకిచ్చాడు. అప్పటి వాల్వులు లేని హార్న్‌లకు కొత్త శ్రుతిలో ఆ స్వరాలు సరిగ్గా అందవు. ఇప్పుడు కొందరు కండక్టర్లు హార్న్‌లకే ఇస్తారు, శబ్దం రొమ్ము విరుచుకుంటుంది. నాకు బసూన్ల గొంతే సరి అనిపిస్తుంది, ఆ పిలుపు కొంచెం అలిసిపోయి తిరిగి వచ్చినట్టుంటుంది. 268వ బార్‌లో అంతా ఆగి ఓబో ఒంటరిగా పలికే చోటు చూడండి, అందులో కోపం ఎక్కడుంది?

అలాగే కన్చెర్టోలో 253వ బార్ దగ్గర మొదటి కార్డులు తిరిగి వచ్చినప్పుడు పియానో వాటిని ఫోర్టిస్సిమోలో వాయిస్తుంది. మొదట మెల్లగా అడిగిన మాటే, ఇప్పుడు నిండు గొంతుతో.

వినడం గురించి

ఫోన్ స్పీకర్ మీద ఈ రెండు రచనల తేడా సగం పోతుంది. టింపనీ పియానిస్సిమో అందులో రానే రాదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. యాప్‌లో శబ్దస్థాయిని సమం చేసే ఆప్షన్ ఉంటే ఆపేయండి. సింఫనీ మొదటి దెబ్బ చెవికి గట్టిగా, కానీ నొప్పి లేకుండా ఉండేలా వాల్యూమ్ పెట్టుకుని, తర్వాత ముట్టుకోకండి. మెల్లని చోట్ల పెంచితే చివరి భాగం వచ్చినప్పుడు ఆ విస్ఫోటం ఉండదు, చెవులూ పాడవుతాయి.

సింఫనీకి కార్లోస్ క్లైబర్ వియన్నా ఫిల్హార్మోనిక్‌తో 1974లో చేసిన రికార్డింగు వినండి, ఆ మొదటి విరామం కూడా వినిపిస్తుందనిపిస్తుంది. కన్చెర్టోకు ఎమిల్ గిలెల్స్, లియోపోల్డ్ లూడ్విగ్‌ల 1957 రికార్డింగు. బీథోవెన్ కాలపు పియానో శబ్దం కావాలంటే రాబర్ట్ లెవిన్, జాన్ ఎలియట్ గార్డినర్‌లది. రెండో భాగంలో ఆ పాత పియానో ఎంత సన్నగా, పెళుసుగా పలుకుతుందో విన్నాక ఇప్పటి గ్రాండ్ పియానో మీద దాన్ని ఎందుకు అంత మెల్లగా వాయించాలో అర్థమవుతుంది.

వరుస ఇలా పెట్టుకోండి: ముందు కన్చెర్టో రెండో భాగం ఒక్కటే, అయిదు నిమిషాలు. తర్వాత సింఫనీ మొదటి భాగం. ఆ తర్వాత కన్చెర్టో మొదటి నుంచి చివరిదాకా. కాసేపు ఆగి సింఫనీ మొత్తం, 1808లో ఆ చలి హాలులో విన్న వరుసలోనే. రెండూ కలిపి గంటా పది నిమిషాలు. కన్చెర్టో మొదటి కార్డు వినగానే కుడిచేత్తో తొడ మీద తాళం వేస్తూ ఉండండి. సింఫనీ మొదలయ్యేటప్పుడు మాత్రం ముందుగా ఒక దెబ్బ మీరే వేయాలి, అది మీకు ఎవరూ ఇవ్వరు.